కంపెనీ డబ్బుతో స్టార్టప్‌లలో పెట్టుబడి: కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్ కెరీర్‌కి వరంగల్ నుంచి దారి

నిట్‌లో చదివే పిల్లలు, మడికొండ ఐటీ పార్కులో పనిచేసే తమ్ముళ్లు, రామగుండంలోని ప్లాంటు ఇంజినీర్లు అందరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, పెద్ద కంపెనీలు స్టార్టప్‌లలో డబ్బు పెడతాయి కదా, ఆ టీంలోకి ఎట్లా రావాలె? వచ్చినంక టీం నడిపే దాకా ఎట్లా పోవాలె?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు వరుసగా రాసి పెడుతున్నాను.

పని ఏమిటో ముందు రెండు మాటల్లో. మామూలు వెంచర్ ఫండ్ బయటివాళ్ల దగ్గర డబ్బు సేకరించి లాభం కోసం పెడుతుంది. సీవీసీ (కార్పొరేట్ వెంచర్ క్యాపిటల్) అంటే వేరే ప్రధాన వ్యాపారం ఉన్న కంపెనీ తన సొంత డబ్బుతో స్టార్టప్‌లో చిన్న వాటా తీసుకోవడం. డబ్బు పెరగాలి, కంపెనీ వ్యాపారానికీ పనికి రావాలి.

అందుకే స్టార్టప్‌ని ఎంచుకోవడం ఇందులో తేలిక పని. ప్లాంట్ హెడ్‌ని, సీఎఫ్‌ఓని (కంపెనీ ఆర్థిక అధిపతిని), లీగల్ వాళ్లని ఒక మాట మీదికి తేవడానికే సగం జీతం ఇస్తారు. కింద చెప్పిన వరుస కూడా ఆ లెక్కతోనే ఉంటుంది.

1. మీరు ఏ తలుపు నుంచి వస్తున్నారో తేల్చుకోండి

కాలేజీ నుంచి నేరుగా ఈ టీంలోకి రావడం అరుదు. టీంలు చిన్నవి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొత్తవాళ్లకి నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. వచ్చేవాళ్లు ఎక్కువగా నాలుగు వైపుల నుంచి వస్తారు.

- ప్లాంటు, ఇంజినీరింగ్, ప్రోడక్ట్: సమస్య ఎక్కడుందో తెలుసు, బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు.
- సీఏ, ఆడిట్, బ్యాంకింగ్: లెక్కలు వచ్చు, షాప్ ఫ్లోర్ (ఫ్యాక్టరీలో పని జరిగే చోటు) మీద నిలబడిన అనుభవం తక్కువ.
- స్టార్టప్‌లో పనిచేసినవాళ్లు: ఫౌండర్ బాధ తెలుసు, పెద్ద కంపెనీలో ఫైలు ఎందుకు ఆగుతుందో తెలియదు.
- వెంచర్ ఫండ్, కన్సల్టింగ్: డీల్ భాష వచ్చు, ఒక్క రంగం మీద పట్టు ఉండదు.

నన్నడిగితే మన వైపు వాళ్లకి మొదటి తలుపే మంచిది. రామగుండంలో ఎనిమిదేళ్లు కన్వేయర్ బెల్టులతో కుస్తీ పట్టిన ఇంజినీరు ముందు, బెల్టు ఎప్పుడు తెగుతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఫౌండర్ ఊరికే గొప్పలు చెప్పలేడు. ఫైనాన్స్ ఏడాదిలో నేర్చుకోవచ్చు. ఎంబీఏ ఉంటే మంచిదే, లేదని ఆగిపోకండి.

2. ఒక్క రంగం పట్టుకోండి

ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో ఒక పొద్దు నిలబడి చూడండి. కొనేవాడు బస్తా పైనున్న కాయని పట్టించుకోడు. చెయ్యి లోపలికి పెట్టి నడుమ నుంచి గుప్పెడు తీస్తాడు, కాయ విరిచి చూస్తాడు, తాలు ఎంత కలిసిందో అంచనా వేస్తాడు. ధర మాట ఆ తర్వాతే. రంగం తెలియడం అంటే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడం.

పత్తి తీసుకుందాం. తేమ కొలిచే కొత్త పరికరం అంటూ ఒక స్టార్టప్ వచ్చిందనుకోండి. రంగం తెలియనివాడు "మీ మార్కెట్ సైజు ఎంత?" అని మొదలుపెడతాడు. సీసీఐ (భారత పత్తి సంస్థ) మద్దతు ధరకి కొనేటప్పుడు 8 శాతం తేమని ప్రమాణంగా తీసుకుంటుందని, 12 దాటితే కొనదని తెలిసినవాడి ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

"మీ పరికరం 11కీ 13కీ తేడా కచ్చితంగా చెబుతుందా? కుప్ప పైన కొలుస్తారా, లోపలా? రీడింగ్ మీద తగాదా వస్తే ఎవరి మీటరు చెల్లుతుంది? దీనికి డబ్బు కట్టేది రైతా, అడ్తిదారా, జిన్నింగ్ మిల్లా?" ఈ చివరి ప్రశ్న దగ్గరే సగం స్టార్టప్‌లు నీళ్లు నములుతాయి.

మన చుట్టూ రంగాలకి కొదవ లేదు. రామగుండంలో విద్యుత్తు, ఎరువులు. సింగరేణి గనులు. సిరిసిల్లలో మరమగ్గాలు. గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు. నిజామాబాద్ పసుపు. ఐటీలో ఉన్నవాళ్లు తమ క్లయింట్ ఏ పరిశ్రమలో ఉంటే దాన్నే పట్టుకోవచ్చు.

మొదటి 3 నెలల చెక్‌లిస్ట్:

- మీ రంగంలో దేశంలో ఉన్న 30 స్టార్టప్‌ల పట్టిక: ఏం అమ్ముతారు, ఎవరికి, ఎవరు పెట్టుబడి పెట్టారు.
- ఆ సరుకు నిజంగా వాడే 10 మందితో మాటలు. ఫోన్ కాదు, వీలైతే వెళ్లి.
- ఆ రంగంలో స్టార్టప్‌లలో పెట్టుబడి పెడుతున్న 5 పెద్ద కంపెనీలు, వాళ్ల వార్షిక నివేదికలు.
- రెండు పేజీల అభిప్రాయం: వచ్చే ఐదేళ్లలో ఈ రంగంలో ఏది మారుతుంది, ఏది మారదు.

చాలామంది చేసే తప్పు: ఏఐ, ఫిన్‌టెక్, ఎలక్ట్రిక్ వాహనాలు అన్నీ కలిపి "నాకు ఆసక్తి" అని రెజ్యూమెలో రాయడం. ఒక్కటే ఉంచి మిగతావి కొట్టేయండి.

3. లెక్క చేత్తో వేయడం నేర్చుకోండి

ఎక్సెల్ తెరవకముందు నోట్‌బుక్‌లో వేయండి. ఇంటర్వ్యూలో బోర్డు మీదే వేయమంటారు.

పెట్టుబడికి ముందు స్టార్టప్ విలువ 36 కోట్లు. మీరు 4 కోట్లు పెట్టారు. తర్వాత విలువ 40 కోట్లు, మీ వాటా 10 శాతం. (4ని 36తో భాగించి 11 శాతం అనేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉంటారు.)

ఏడాదిన్నరకి ఇంకో ఫండ్ వచ్చింది. 80 కోట్ల ముందు విలువ మీద 20 కోట్లు పెట్టింది. మొత్తం 100 కోట్లు. పాతవాళ్లందరి వాటా ఐదో వంతు తగ్గుతుంది, మీ 10 శాతం 8 అవుతుంది. 8 శాతం అంటే 8 కోట్లు. కాగితం మీద రెట్టింపు. ఈ రౌండులో, అంటే స్టార్టప్ కొత్తగా డబ్బు తీసుకునే ఈ విడతలో, మీరూ పెట్టి 10 శాతం నిలబెట్టుకోవాలంటే ఆ 20 కోట్లలో 2 కోట్లు మీవి కావాలి. ఆ 2 కోట్లు మొదటి రోజే పక్కన పెట్టుకున్నారా? సీవీసీలో ఎక్కువమంది జారిపడేది ఇక్కడే, ఎందుకంటే వచ్చే ఏడాది బడ్జెట్ మీ చేతిలో ఉండదు.

ఇప్పుడు చెడు కథ. ఆ రెండో ఫండ్ రాలేదు, కంపెనీ 25 కోట్లకి అమ్ముడుపోయింది. మన దేశంలో ఇలాంటి పెట్టుబడి ఎక్కువగా సీసీపీఎస్ రూపంలో, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లుగా ఉంటుంది. ఒప్పందంలో ఒక రెట్టు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉందనుకుందాం, అంటే కంపెనీ అమ్ముడైతే వాటాకి బదులు పెట్టిన డబ్బు ముందు తీసుకునే హక్కు. వాటా ప్రకారం తీసుకుంటే మీకు 2.5 కోట్లు. ప్రిఫరెన్స్ వాడుకుంటే పెట్టిన 4 కోట్లు ముందు వస్తాయి. ఎంతకి అమ్ముడుపోతే రెండు దారులూ సమానం? 40 కోట్లకి. ఈ సంఖ్య మీ నోటికి వెంటనే రావాలి.

ఇలాంటి లెక్కలు, ఈసాప్ పూల్‌ని (ఉద్యోగుల కోసం పక్కన పెట్టే షేర్లని) ముందు విలువలోనే కలిపినప్పుడు ఏమవుతుందో సహా, ఒక ఇరవై వేయండి. చెయ్యి తిరుగుతుంది.

4. కంపెనీ డబ్బుకి ఉండే కట్టుబాట్లు తెలుసుకోండి

వెంచర్ ఫండ్ వాళ్లకి అంతగా తగలని, మీకు రోజూ తగిలే విషయాలు ఇవి.

డబ్బు ఏ దారిన పోతుంది: కంపెనీ నేరుగా తన బ్యాలెన్స్ షీట్ నుంచి పెట్టొచ్చు. లేదా సెబీ 2012 నిబంధనల కింద ఏఐఎఫ్ (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధి) పెట్టొచ్చు. ఏఐఎఫ్ పథకానికి కనీసం 20 కోట్ల నిధి కావాలి, మామూలుగా ఒక్కో మదుపరి కనీసం కోటి పెట్టాలి. ఏఐఎఫ్ వైపు పోవాలనుకుంటే ఎన్‌ఐఎస్‌ఎం (సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ) పరీక్షల్లో ఏఐఎఫ్ మేనేజర్లకి ఉన్న పరీక్ష రాసి పాసై ఉంచుకోండి.

సెక్షన్ 186: కంపెనీల చట్టం 2013లోని ఈ సెక్షన్ ప్రకారం ఇంకో కంపెనీ షేర్లు కొనాలంటే బోర్డు మీటింగులో హాజరైన డైరెక్టర్లందరూ ఒప్పుకోవాలి. పెట్టుబడులు, అప్పులు కలిపి ఒక పరిమితి దాటితే షేర్‌హోల్డర్ల ప్రత్యేక తీర్మానం కావాలి. బోర్డు మీటింగ్ తేదీలు కంపెనీ సెక్రటరీ దగ్గర ముందే తీసుకుని మీ డీల్ క్యాలెండర్‌లో రాసుకోండి. ఫౌండర్‌కి "రెండు వారాల్లో డబ్బు" అని మాటిచ్చి బోర్డు కోసం రెండు నెలలు ఆగడం కంటే పరువు తక్కువ పని లేదు.

20 శాతం గీత: వాటా 20 శాతం చేరితే, అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం ఆ స్టార్టప్ మామూలుగా మీకు అసోసియేట్ అవుతుంది. అప్పుడు దాని నష్టంలో మీ వాటా మీ కన్సాలిడేటెడ్ (గ్రూపు మొత్తం కలిపిన) ఫలితాల్లోకి వస్తుంది. హీరో మోటోకార్ప్ 2016లో ఏథర్ అనే ఎలక్ట్రిక్ స్కూటర్ల స్టార్టప్‌లో పెట్టుబడి మొదలుపెట్టి వాటా పెంచుకుంటూ పోయింది. ఏథర్ నష్టంలో వాటా హీరో లెక్కల్లో ఎలా కనిపించిందో వాళ్ల వార్షిక నివేదికలో చూడండి, సీఎఫ్‌ఓలు ఈ గీత దగ్గర ఎందుకు ఉలిక్కిపడతారో అర్థమవుతుంది.

ముందస్తు కొనుగోలు హక్కు: ఇది నా సొంత తప్పు. నేను చేసిన రెండో డీల్‌లో, స్టార్టప్‌ని ఎవరికి అమ్మినా ముందు మాకే ఆఫర్ చేయాలన్న క్లాజు గట్టిగా పట్టుబట్టి పెట్టించాను. లీగల్ వాళ్లు భుజం తట్టారు. తర్వాతి రౌండులో కొత్త ఇన్వెస్టర్ లాయరు ఆ ఒక్క పేరా దగ్గర పెన్ను ఆపాడు. మా పోటీ కంపెనీ ఏదీ ఈ స్టార్టప్‌కి మంచి ధర చెప్పదు, చెప్పినా చివరికి మేమే ఎత్తుకుపోతామని దాని అర్థం. మూడు నెలలు రౌండు ఆగింది. ఆఖరికి ఆ హక్కు వదులుకుంటున్నామని మేమే ఉత్తరం రాసిచ్చాం. ఇప్పుడు నేను అడిగేది నోటీసు హక్కు మాత్రమే: అమ్మకం మాట మొదలైతే మాకూ కబురు చేయాలి, అంతే.

5. మూడు మెమోలు రాయండి

మెమో అంటే ఒక స్టార్టప్‌లో డబ్బు పెట్టాలా వద్దా అని కారణాలతో రాసే నోటు. ఉద్యోగం లేకుండానే చేయగల పని ఇది. అయినా పదిమందికి చెబితే ఇద్దరే చేస్తారు.

ఏ ప్రైవేటు కంపెనీ లెక్కలైనా ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో చిన్న రుసుము కట్టి చూడొచ్చు. ఏఓసీ-4లో ఆర్థిక నివేదికలు, ఎంజీటీ-7లో వార్షిక రిటర్న్, పాస్-3లో కొత్త షేర్లు ఎవరికి ఎంతకి ఇచ్చారో ఉంటుంది. ఐపీఓకి వచ్చిన స్టార్టప్‌ల ప్రాస్పెక్టస్‌లు సెబీ సైట్‌లో ఉచితం. ఏథర్‌దీ జొమాటోదీ చదవండి. నౌకరీ డాట్ కామ్ నడిపే ఇన్ఫో ఎడ్జ్ 2010లో జొమాటోలో తొలిసారి పెట్టింది, జొమాటో లిస్ట్ అయింది 2021 జులైలో. ఆ 11 ఏళ్లలో ఇన్ఫో ఎడ్జ్ వార్షిక నివేదికల్లో ఈ పెట్టుబడి గురించి ఏమేం రాశారో వరుసగా చదివితే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది.

ఒక్కో మెమో నాలుగు పేజీలు. వరుస ఇది:

- ఎవరి సమస్య, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు.
- స్టార్టప్ ఏం చేస్తుంది, ముగ్గురు కస్టమర్ల మాటల్లో.
- ఫలానా పెద్ద కంపెనీకి ఇది ఎందుకు, ఏ విభాగానికి.
- ఎంత పెట్టాలి, ఏ విలువకి, తర్వాతి రౌండుకి ఎంత దాచాలి.
- ఏ మూడు కారణాల వల్ల ఇది మునిగిపోవచ్చు.
- వద్దనుకుంటే ఎందుకు వద్దు.

మూడిట్లో ఒకటి తప్పకుండా "వద్దు" మెమో కావాలి. నా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో నేను ముందు అడిగేది అదే. స్థానికంగా మొదలుపెట్టాలంటే ఎస్సార్ యూనివర్సిటీలో ఎస్‌ఆర్‌ఐఎక్స్, నిట్‌లో ఇంక్యుబేషన్ సెంటర్ ఉన్నాయి. హైదరాబాద్‌లో టీ-హబ్ సరేసరి. డెమో డేలకి వెళ్లండి, కానీ స్టేజీ ముందు సీట్లో కాదు, టీ దగ్గర ఫౌండర్లతో నిలబడండి.

6. ఉన్న కంపెనీలోనే ఒక పైలట్ పట్టుకోండి

జాబ్ సైట్లలో "కార్పొరేట్ వెంచర్" అని వెతికితే దొరికేవి కొన్నే. అదే పని స్ట్రాటజీ, కార్పొరేట్ డెవలప్‌మెంట్, ఇన్నోవేషన్, ఓపెన్ ఇన్నోవేషన్ పేర్లతో ఉంటుంది. అంతకంటే దగ్గరి దారి, మీ కంపెనీలో ఒక స్టార్టప్ ఉత్పత్తిని ప్రయోగంగా పెట్టించి మీరే నడిపించడం.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకసారి మా పెట్టుబడి ఐసీలో, అంటే ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలో, పాసైంది, డబ్బు వెళ్లింది, ఫొటోలు దిగాం. ప్లాంట్ హెడ్‌కి విషయం తెలిసింది ఆ తర్వాతే. ఆయన కోప్పడలేదు. టీ తాగించి అన్నాడు: "మీ పొల్లగాళ్ల మిషన్ మంచిదే సార్. గానీ లైన్ ఆగితే షిఫ్టుకు జవాబు చెప్పాల్సింది నేను గదా? గది ఏడ రాసిన్రు?" ఎక్కడా రాయలేదు. పైలట్ మొదలవడానికి 11 నెలలు పట్టింది.

పైలట్‌కి ముందు ఒక్క పేజీ మీద ఇవి ఉండాలి, సంతకాలతో:

- లైన్ ఎన్ని గంటలు ఆగొచ్చు, ఆగితే ఎవరి టార్గెట్ తగ్గిస్తారు.
- ఖర్చు ఏ విభాగం బడ్జెట్ నుంచి.
- గెలుపు కొలత ఒక్కటే, అంకెల్లో.
- ఏ తేదీకి ముగుస్తుంది, బాగుంటే ఎంత ఆర్డర్.
- స్టార్టప్‌కి డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. చిన్న కంపెనీని 90 రోజులు ఆగమంటే జీతాలు ఆగుతాయి.

7. ఐసీకి వెళ్లే వరుస తప్పొద్దు

మీటింగ్ రోజున ఎవరూ కొత్త విషయం వినకూడదు. విభాగాధిపతితో రెండు పేజీల నోటు మీద మొదటి మాట. తర్వాత సీఎఫ్‌ఓతో విలువ, అకౌంటింగ్. తర్వాత లీగల్‌తో పెద్ద క్లాజులు. అప్పుడు టర్మ్ షీట్ (ముఖ్య షరతుల కాగితం), ఆ తర్వాత డ్యూ డిలిజెన్స్ (లెక్కలు, కాగితాల తనిఖీ), ఆఖరున ఐసీ.

ఐసీలో ఒకరు "వద్దు" అనేలా ఉంటే ముందు రోజే ఆయన గదికి వెళ్లి కారణం వినండి. ఆ కారణాన్ని మెమోలో ఆయన మాటల్లోనే రాయండి. సగంసార్లు ఆయనదే కరెక్ట్ అవుతుంది.

కమర్షియల్ ఒప్పందాన్ని పెట్టుబడి ఒప్పందానికి ముడిపెట్టకండి. "మా దగ్గర డబ్బు తీసుకుంటే ఇంత తగ్గింపుకి సరుకు ఇవ్వాలి" అంటే ఇరుక్కుపోయిన స్టార్టప్‌లే మీ దగ్గరికి వస్తాయి.

8. డబ్బు పెట్టాక

బోర్డు సీటు కంటే అబ్జర్వర్ సీటుతో (కూర్చుని వినొచ్చు, ఓటు ఉండదు) మొదలుపెట్టడం మేలు. స్టార్టప్ బోర్డులో విన్నది మీ సేల్స్ టీంకి చేరకూడదు, మీ కంపెనీ ధరలు అక్కడికి పోకూడదు. మీ పోటీదారుడి గురించి చర్చ వస్తే లేచి బయటికి వెళ్లండి, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. మీది లిస్టెడ్ కంపెనీ అయితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల సంగతి కంప్లయన్స్ ఆఫీసర్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్రతి మూడు నెలలకి ఒక్కో స్టార్టప్‌కి ఒక పేజీ: చేతిలో ఎన్ని నెలల డబ్బుంది, మన కంపెనీ నుంచి ఎంత ఆర్డర్ వెళ్లింది, మనం ఏం మాటిచ్చి తప్పాం. మూడోది రాయడానికి మనసొప్పదు. రాయండి.

9. టీం నడిపే కుర్చీ తీసుకునే ముందు

ఈ కుర్చీకి ప్రమాదం చెడ్డ డీల్ కంటే ఎక్కువగా హెడ్డాఫీసు నుంచే వస్తుంది. 1991 నుంచి ఉన్న ఇంటెల్ క్యాపిటల్‌నే చూడండి. 2025 జనవరిలో దాన్ని వేరు కంపెనీగా విడదీస్తామని ఇంటెల్ ప్రకటించింది. కొత్త సీఈఓ వచ్చాక ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అంత పెద్ద టీంకే నాలుగు నెలల్లో రెండు మాటలు.

జీతం సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. వెంచర్ ఫండ్‌లో లాభంలో వాటా ఇస్తారు, కార్పొరేట్ టీంలలో చాలాచోట్ల జీతం, బోనస్, షేర్లతోనే సరి. మీ డీల్ పదింతలైనా మీ బోనస్ ఆ ఏడాది కంపెనీ ఫలితాల మీదే ఆధారపడొచ్చు.

ఆఫర్ చేతికి వచ్చినప్పుడు అడగాల్సినవి:

- నిధి ఎంత, ఎన్నేళ్లకి? ఏటా మళ్లీ అడుక్కోవాలా, లేక ఒకేసారి బోర్డు ఆమోదించిందా?
- తర్వాతి రౌండ్లకి దాచిన డబ్బు ఇందులోనే ఉందా?
- ఎంత మొత్తం దాకా ఐసీ దగ్గరే తేలుతుంది?
- నేను ఎవరికి రిపోర్ట్ చేస్తాను? ఆయన మారితే?
- లాభం, వ్యాపార ప్రయోజనం: రెండూ ఎదురుపడితే ఏది గెలుస్తుంది? ఈ మాట కాగితం మీద ఉందా?
- ఇంతకు ముందు ఈ కుర్చీలో ఉన్నవాళ్లతో మాట్లాడొచ్చా?

మొదటి రెండు ప్రశ్నలకి సీఎఫ్‌ఓ నోటి నుంచి అంకె రావాలి. "అవన్నీ చేరాక చూసుకుందాం" అంటే, ఉన్న ఉద్యోగానికి రాజీనామా లెటర్ ఇంకో వారం డ్రాఫ్ట్‌లోనే ఉంచండి.